కోర్టు ఆర్డర్ చేతికొస్తే ముందు ఏం చూడాలి

విశాఖపట్నంలో ప్లీడరు గుమస్తాగా నా రోజంతా కాగితాలతోనే. పెందుర్తి, ఆనందపురం వైపు నుంచి స్థలం గొడవలతో వచ్చేవాళ్లు చాలామంది కూర్చోకుండానే అంటారు: "వాళ్లు కోర్టు ఆర్డర్ తెచ్చేశారు బాబూ, ఇక మా పని అయిపోయింది." అయిపోలేదు. ముందు ఆ కాగితం చదవాలి.

అసలది ఆర్డరేనా? లాయరు పంపేది నోటీసు. ఫలానా తేదీకి హాజరు కమ్మని కోర్టు పంపేది సమన్లు. ఈ రెండిట్లోనూ జడ్జిగారు తేల్చిందేమీ లేదు. దావా మొత్తం విని హక్కులు తేలిస్తే తీర్పు, దాని వెంట ఆ తేల్చిన హక్కుల్ని లాంఛనంగా రాసిచ్చే డిక్రీ వస్తాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, సివిల్ కోర్టు ఇచ్చే నిర్ణయాల్లో డిక్రీ కానిది ఆర్డర్. దావా నడుస్తుండగా, ఫలానా పని చెయ్యొద్దని ఇచ్చే ఇంజంక్షన్ అలాంటిదే.

మొదటి పేజీలో ఓ.ఎస్. నంబరు (అసలు దావాది), ఐ.ఏ. నంబరు (ఆ దావాలో మధ్యలో వేసిన పిటిషన్‌ది), పార్టీల పేర్లు చూడండి. షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాలు రాసిన చోట, సర్వే నంబరు, హద్దులు మీ స్థలానివేనా? తర్వాత నేరుగా చివరి పేరాకి వెళ్లండి. అసలు ఆదేశం అక్కడుంటుంది. ఆమధ్య ఒకావిడ, ఇల్లు ఖాళీ చెయ్యమని ఆర్డరొచ్చిందని ఏడుస్తూ వచ్చారు. చివరి పేరా చదివితే, వచ్చే వాయిదా వరకు కొత్త కట్టడం కట్టొద్దని మాత్రమే ఉంది. ఖాళీ చెయ్యమన్నది ఆవిడ మరిది, కోర్టు కాదు.

మీ మాట వినకుండా ఎక్స్‌పార్టీగా ఇంజంక్షన్ ఇస్తే, తెచ్చుకున్నవాళ్లు పిటిషను, అఫిడవిట్టు (ప్రమాణం చేసి రాసిచ్చిన వాంగ్మూలం), పత్రాల నకళ్లు మీకు పంపాలి. ఆ పిటిషన్ 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. మీరు కౌంటరు, అంటే మీ రాతపూర్వక జవాబు, వేయండి, రద్దు చెయ్యమని అడగండి. రద్దయ్యేదాకా మాత్రం పాటించి తీరాలి. అన్యాయమైన ఆర్డరని కోపంతో గోడ లేపితే ఆస్తి జప్తు చెయ్యొచ్చు, మూడు నెలల వరకు సివిల్ జైలులోనూ పెట్టొచ్చు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మీద ఆధారపడొద్దు. కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో, ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే సి.ఎన్.ఆర్. నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 16) కొడితే కేసు వివరాలు కనిపిస్తాయి. కోర్టు ముద్ర వేసి ధ్రువీకరించి ఇచ్చే సర్టిఫైడ్ కాపీకి వెంటనే అప్లికేషన్ పెట్టించండి. ప్రతి ఆర్డర్ మీదా అప్పీలు ఉండదు గానీ, ఇంజంక్షన్ మీద ఉంది. జిల్లా కోర్టుకైతే గడువు 30 రోజులు. కాపీ రావడానికి పట్టిన రోజుల్ని ఆ గడువులోంచి మినహాయిస్తారు. అందుకే కాపీ మీద అప్లికేషన్ తేదీ, సిద్ధమైన తేదీ సరిగ్గా పడ్డాయో లేదో కాపీ ఇచ్చే కిటికీ దగ్గరే చూసుకోండి.