దీపావళి అలంకరణల మధ్య కుక్కలు, పిల్లులు: ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

దీపావళి దగ్గర పడుతుంటే కుక్కో పిల్లో ఉన్న ఇళ్లలో అందరూ టపాసుల మోత గురించే ఆందోళన పడతారు. ఆ ఆందోళన సరైనదే. అయితే గుమ్మంలో, పూజగదిలో, వరండాలో మనం నేలమీదా తక్కువ ఎత్తులోనూ అమర్చే వస్తువుల వల్ల వచ్చే ప్రమాదం మోగదు కాబట్టి, అది జరిగిన చాలా సేపటికి గానీ మన దృష్టికి రాదు.

అన్నిటికన్నా నేను భయపడేది దండలు కట్టే దారానికి. పిల్లి నాలుక మీది సన్నని ముళ్లు గొంతువైపుకు వాలి ఉంటాయి కనుక, ఆడుకుంటూ నోట పెట్టుకున్న దారాన్ని అది ఉమ్మలేక మింగుతూనే పోతుంది. దారం ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, మిగతా దాన్ని ముందుకు తోసే ప్రయత్నంలో పేగు దాని చుట్టూ ముడుచుకుపోయి, చివరకు ఒరుసుకొని తెగవచ్చు. మెరుపు కాగితపు తోరణాలతోనూ ఇదే ప్రమాదం. నోటి నుంచి గాని, మలద్వారం నుంచి గాని దారం వేలాడుతుంటే ఎట్టి పరిస్థితిలోనూ లాగకుండా వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. మా ఇంటికి పిల్లి వచ్చినప్పటి నుంచి దండలు గుమ్మం పైకమ్మికే కడుతున్నాము. మిగతా చోట్ల విడి బంతిపూలే వాడుతున్నాము.

పూల విషయంలో పేర్లు మనల్ని పొరపాటు పడేలా చేస్తాయి. మన పూలకొట్లలో లిల్లీ పేరుతో మూరలెక్కన అమ్మే సన్నని తెల్లపూలు వేరు, బొకేల్లో వచ్చే పెద్ద గరాటు ఆకారపు లిల్లీలు వేరు. పిల్లి మూత్రపిండాలను చెడగొట్టేవి ఈ రెండో రకం. ఒంటికి అంటిన పుప్పొడిని నాకినా, ఆ పూలు ఉంచిన నీళ్లు తాగినా ప్రాణానికే ముప్పు కాబట్టి, పిల్లి ఉన్న ఇంట్లోకి ఆ బొకేను అసలు రానివ్వకూడదు. పూజకు తెచ్చే గన్నేరులో, ఎరుపైనా పసుపైనా, గుండె లయను దెబ్బతీసే విషం ఉంటుంది. కర్పూరం బిళ్లలు కూడా మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉండాలి. అవి కడుపులోకి పోతే ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది.

నేతిలో నానిన వత్తి వాసన కుక్కను ఇట్టే లాగుతుంది కాబట్టి, ప్రమిదలను దానికి అందని అరుగుల మీద పెట్టి, కొండెక్కిన వత్తులను కూడా వెంటనే తీసేయాలి. ఒళ్లు కాలితే కనీసం 10 నిమిషాలు మామూలు చల్లని నీటి ధార పట్టాలి. పేస్టు, వెన్న పూయకూడదు. సీరియల్ లైట్ల తీగలను గోడ వెంట పైకి కట్టి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్లగ్గు తీసేయాలి. తీగ కొరికి షాక్ కొట్టిన జంతువును, మెయిన్ ఆపకుండా ముట్టుకోకూడదు. ముగ్గుకు బియ్యప్పిండి వాడితే మంచిది; సున్నం కలిసిన పిండి పాదాలనూ నాలుకనూ మండిస్తుంది.

ఏదైనా మింగిందని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు, ఉప్పే విషమవుతుంది. మింగిన వస్తువులో మిగిలిన ముక్కను, దాని ప్యాకెట్టును వెంట తీసుకెళ్లాలి. సంచార పశువైద్య సేవల 1962 నంబరు ప్రధానంగా పాడి పశువులు, జీవాల కోసం నడుస్తున్నది కనుక, పండుగ రాత్రి మీ ఊళ్లో తెరచి ఉండే పెంపుడు జంతువుల ఆసుపత్రి ఏదో రెండు రోజుల ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మర్నాడు ఉదయం కుక్కను బయటకు వదిలే ముందు వాకిలి, డాబా ఊడ్చి, పేలని టపాసులను ఏరి నీళ్లలో వేయాలి. వాటిలోని పొటాషియం నైట్రేట్, గంధకం వంటివి తిన్నా ప్రమాదమే. కాలిన కాకరపువ్వొత్తుల ఇనుప తీగలు గడ్డిలో కనబడవు కాబట్టి, అక్కడ చేత్తో ఒకసారి వెతికి తీయడం మంచిది.