పాత పికప్‌కి ఇగ్నిషన్ లాక్ మారుస్తున్నారా? స్టార్ట్ అయింది కదా అని బోల్టు బిగించెయ్యకండి

మిర్చి లోడ్లు మొదలైతే గుంటూరు యార్డు దారిలో, ఆ వెనకే మామిడి కాయతో నూజివీడు వైపు, పదేళ్లు దాటిన బొలెరో పికప్‌లు, టాటా 207లు రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతాయి. దించడం, ఎక్కించడం, టోల్, టీ అంటూ రోజుకి పదుల సార్లు తాళం తిప్పే బండ్లివి. ఇగ్నిషన్ లాక్ (తాళం పెట్టి తిప్పే భాగం) అరిగితే తాళం ఆన్‌లో ఉండగానే ఊడి చేతికొస్తుంది. "అది ఎప్పట్నుంచో అంతేలే" అంటూ అలాగే నడిపే డ్రైవర్లున్నారు. నడపకూడదు. సీజన్ మొదలవకముందే మార్చాలి.

ఈ చిన్న భాగం ఎంత పని చేస్తుందో తెలియాలంటే అమెరికాలో జరిగింది చూడండి. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపంతో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. తాళాల గుత్తి బరువుకో, గుంతలో కుదుపుకో తాళం ఆన్ నుంచి వెనక్కి జారేది. ఇంజిన్ ఆగేది, పవర్ స్టీరింగ్ పోయేది, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను ఒప్పుకుంది.

మన పాత డీజిల్ పికప్‌లో ఇంకో రెండు ప్రమాదాలు కలుస్తాయి. ఒకటి బ్రేకు. బ్రేకు పెడల్‌ని తేలిక చేసే బూస్టర్‌కి గాలి లాగే వ్యాక్యూమ్ పంపు చాలా బండ్లలో ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అవుతుంది. రెండోది స్టీరింగ్ లాక్. తాళం తీయగానే స్టీరింగ్ కాలమ్‌లోకి (స్టీరింగ్ చక్రాన్ని మోసే గొట్టం) పొడుచుకొచ్చే ఇనుప పిన్నుని వెనక్కి పట్టి ఉంచేది ఈ లాక్ సిలిండరే, అంటే తాళం దూరి తిరిగే ముక్కే. అది అరిగిందంటే ఆ పట్టు మీద నమ్మకం పోయినట్టే.

ముందు దేన్ని మార్చాలో తేల్చుకోండి

వాడకుండా దాచిన రెండో తాళంతో తిప్పి చూడండి. అది సాఫీగా తిరిగితే అరిగింది తాళమే. సిలిండర్‌ని ముట్టుకోకుండా, ఆ కొత్త తాళం చూపించి నకలు కోయించండి. అరిగిన తాళానికి నకలు తీస్తే ఆ అరుగు కూడా నకలైపోతుంది.

తాళం బాగానే తిరుగుతోంది కానీ లైట్లు మిణుకుమంటున్నాయి, సెల్ఫ్ ఒకసారి కొడుతోంది, ఒకసారి కొట్టట్లేదు అంటే అనుమానించాల్సింది వెనక ఉన్న కరెంటు స్విచ్‌ని. చాలా బండ్లకి అది విడిగా దొరుకుతుంది.

తాళం అసలు తిరగట్లేదంటే స్టీరింగ్‌ని అటూ ఇటూ కాస్త ఊపుతూ తిప్పండి. చక్రాల బరువు పిన్ను మీద పడినా తాళం బిగుసుకుంటుంది. దానికి సిలిండర్ తప్పేం లేదు.

తాళం తల లావుగా ఉండి లోపల చిప్ ఉంటే ఇంట్లో మార్చే పని పెట్టుకోకండి. కొత్త తాళాన్ని బండికి పరిచయం చేసే యంత్రం లేకపోతే బండి స్టార్ట్ కాదు.

విప్పేటప్పుడు

బండి సమనేల మీద, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు. బ్యాటరీ మైనస్ వైరు మొదట విప్పండి. స్విచ్ దగ్గరికొచ్చే బ్యాటరీ వైరులో తాళం ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉంటుంది. కొన్ని పాత బండ్లలో ఆ వైరుకి ఫ్యూజే ఉండదు. స్క్రూడ్రైవర్ ఒక్కసారి కాలమ్‌కి తగిలితే డ్యాష్‌బోర్డు లోపల వైరింగ్ అంతా కాలిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే బ్యాటరీ తీశాక కనీసం పావుగంట ఆగండి, దాని వైర్ల పసుపు కప్లర్ జోలికి పోకండి.

వైర్లు తీసేముందు ఫోన్‌లో ఫోటో తీయండి. స్విచ్ వెనక 30, 15, 50 అంకెలుంటే 30 బ్యాటరీది, 15 ఇగ్నిషన్‌ది, 50 సెల్ఫ్‌ది. రంగుల్ని నమ్మొద్దు. పదేళ్లలో ఆ బండి ఎంతమంది ఎలక్ట్రీషియన్ల చేతులు మారిందో మీకు తెలీదు.

సిలిండర్ ఒక్కటే వచ్చే రకమైతే తాళాన్ని ఏసీసీలో, అంటే ఆఫ్‌కీ ఆన్‌కీ మధ్య స్థానంలో (కొన్నింట్లో ఆన్‌లో) పెట్టి, పక్కనున్న చిన్న రంధ్రంలో సన్నటి పంచ్‌తో పిన్ను నొక్కి లాగితే వస్తుంది. రాకపోతే తాళం స్థానం తప్పు, మీ బలం తక్కువై కాదు. మొత్తం సెట్టే మార్చాల్సిన రకానికి కాలమ్ మీద రెండు బోల్టులుంటాయి, వాటికి తలలుండవు. దొంగలు విప్పకుండా, బిగించేటప్పుడు తల తెగిపోయేలా చేసినవవి. వాటికి గాడి కోసి స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి, లేదా డ్రిల్ చేసి తీయాలి. ఉలి, సుత్తితో బాదొద్దు. గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకునేలా చేసిన కాలమ్ మీ దెబ్బకే ముడుచుకుపోవచ్చు.

సిలిండర్‌నే డ్రిల్ చేయాల్సొస్తే బిట్ మీద తాళం పొడవు దగ్గర టేపు చుట్టి అంతకు మించి దించకండి, వెనక స్విచ్ ఉంది. రజను అయస్కాంతానికి అంటదు, ఎందుకంటే సిలిండర్ లోహం ఇనుము కాదు. గాలి కొట్టి, గుడ్డతో తుడిచి తీయాల్సిందే.

బిగించేటప్పుడు: అసలు తప్పు జరిగేది ఇక్కడే

కొత్తది కూర్చోబెడతారు, వైర్లు పెడతారు, సెల్ఫ్ కొడతారు. ఇంజిన్ అందుకుంటుంది. స్టార్ట్ అయింది కదా అని బోల్టుల తలలు తెంపేసి, కవర్ మూసి, లోడుకి పంపేస్తారు. బండ్లనీ మనుషుల్నీ నాశనం చేసేది ఈ తొందరే. స్టార్ట్ అయిందంటే కరెంటు సరిగ్గా వెళ్తోందని మాత్రమే. స్టీరింగ్ పిన్ను పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో ఇంజిన్‌కి తెలీదు. లాక్ ఒక మిల్లీమీటరు పక్కకి కూర్చున్నా పిన్ను కొస కాలమ్ గాడికి రాసుకుంటూ ఉండిపోవచ్చు. నేరుగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. ఘాట్‌లో మలుపు తిప్పినప్పుడు పట్టేస్తుంది.

సిలిండర్ వెనకుండే చప్పటి నాలుక స్విచ్ గాడిలో పూర్తిగా కూర్చోకపోయినా స్టార్ట్ అవుతుంది. కానీ చెయ్యి వదిలాక తాళం తిరిగి ఆన్‌కి రాదు. సెల్ఫ్ మోటార్ ఇంజిన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. డీజిల్ ఇంజిన్ మోతలో ఆ శబ్దం మీకు వినపడకపోవచ్చు. ముందు మోటార్, ఆ తర్వాత కేబుల్ కాలుతుంది.

కాబట్టి బోల్టులు చేతి బిగువు మీదే ఉంచి, తలలు తెంపకుండా, బండి కదలకుండా ఇవన్నీ చూడండి:

- తాళం తీసి స్టీరింగ్ తిప్పండి, లాక్ పడాలి. మళ్లీ పెట్టి తిప్పితే పూర్తిగా విడవాలి.
- ఆన్‌లో తాళం లాగండి. రాకూడదు. ఏసీసీలో లాగండి. రాకూడదు.
- ఏసీసీ నుంచి లాక్‌కి, లోపలికి నొక్కితేనో మీట తిప్పితేనో తప్ప తాళం వెళ్లకూడదు.
- సెల్ఫ్ కొట్టి వదలండి, పదిసార్లు. పదిసార్లూ తాళం దానంతటదే ఆన్‌కి రావాలి. తొమ్మిదిసార్లు వస్తే సరిపోదు.
- ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్ ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా మూడుసార్లు. టిక్కుమని చిన్న శబ్దం వచ్చినా విప్పండి.
- ఆఫ్ చేస్తే ఇంజిన్ ఆగాలి.
- అన్నీ సరిగ్గా ఉంటేనే తలలు తెంపండి. తెంపాక స్టీరింగ్ మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. బిగువుకి లాక్ కాస్త జరుగుతుంది, ముందు రాని శబ్దం ఇప్పుడు రావచ్చు.
- స్టార్ట్ అయింది కదా అని ఎవరన్నా తొందరపెడితే తాళం మీ జేబులో పెట్టుకోండి.
- పాత బోల్టులు, మామూలు బోల్టులు వాడొద్దు.
- స్టీరింగ్ పిన్ను కోసి పారేసి "ఇక పట్టేయదులే" అనే పని చేయించొద్దు. ఆ బండి ఎవడైనా ఎత్తుకుపోతాడు.
- లాక్ తీసేసి టాగుల్ స్విచ్, పుష్ బటన్ పెట్టించొద్దు.
- తాళం బదులు స్క్రూడ్రైవర్‌తో తిప్పే బండిలో పిల్లల్ని కూర్చోబెట్టొద్దు.
- లాక్‌లో ఇంజిన్ ఆయిల్, కొబ్బరి నూనె, గ్రీజు పోయొద్దు. దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి, అదీ చిటికెడే.
- ఇంటి తాళాలు, గోడౌన్ తాళాలు, బరువైన లాకెట్ బండి తాళానికి తగిలించొద్దు. ఒకే తాళం, ఒకే రింగు.
- దిగుడులో డీజిల్ మిగులుతుందని తాళం ఆఫ్ చెయ్యొద్దు. కొత్త లాక్ వేసినా సరే చెయ్యొద్దు. శ్రీశైలం ఘాట్‌లోనూ, పాడేరు ఘాట్‌లోనూ గేరులోనే దిగండి.
- మొదటి రోజు లోడు ఎక్కించొద్దు. ఖాళీ బండిని ముందు ఖాళీ స్థలంలో మెల్లగా, తర్వాత గుంతల రోడ్డు మీద తిప్పండి. తాళం ఆన్‌లోనే నిలబడిందా చూడండి.
- తాళం నంబరున్న రేకు ముక్క బండిలో ఉంచొద్దు. రెండో తాళం, బిల్లు ఇంట్లో బీరువాలో. బండి పోతే బీమా వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు.