మైక్రోవేవ్ ఓవెన్ తలుపు స్విచ్‌కి వైరు వేయించుకోవద్దు

పోయిన వారం కావలి నుంచి ఒక బేకరీ కుర్రాడు మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చాడు. "తలుపు తీసినా ఆగట్లేదన్నా, చెయ్యి మండింది" అన్నాడు. పైకి చర్మం కాస్త ఎర్రబడిందంతే, వేళ్లు మాత్రం ముడవలేకపోతున్నాడు. ముందు ఆస్పత్రికి పంపి, తర్వాత కవర్ విప్పా. తలుపు స్విచ్ తీగలు రెండూ కలిపి నల్ల టేపు చుట్టేశారు. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ!

డిసెంబరు కేకుల హడావుడి వస్తోంది కాబట్టి చెప్తున్నా. స్టీలు గిన్నె పెట్టకూడదని అందరికీ తెలుసు, ఆ ఊసు వదిలేద్దాం.

తలుపు సరిగ్గా మూసుకుంటే భయం లేదు. లోపల తిండిని వేడి చేసే మైక్రోవేవ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అద్దం వెనక జల్లెడ కన్నాలేమో మిల్లీమీటరో రెండో. వాటిలోంచి దూరలేదు. ఆపేశాక లోపల ఏమీ మిగలదు, తిండికీ అంటదు. ఆ టెన్షన్ వద్దు.

తలుపు తీయగానే ఆపడానికి మామూలుగా మూడు చిన్న స్విచ్‌లుంటాయి. అందులో ఒకటి కాపలాది. మిగతావి అతుక్కుపోతే ఫ్యూజు పేల్చేస్తుంది. కాబట్టి తలుపు తీసినప్పుడల్లా ఫ్యూజు పోతోందంటే ఆ స్విచ్‌లు చూడాలి. ఫ్యూజు బదులు తీగ పెట్టించారా, కాపలావాణ్ణి మీరే పంపేసినట్టు. తలుపు తీసినా ఓవెన్ ఆగకపోతే ఆ తరంగాల వేడి చర్మం కిందికి దిగుతుంది, మంట ఆలస్యంగా తెలుస్తుంది. కంటి లెన్సులో రక్తనాళాలుండవు, వేడిని లాగేసే దారి లేదు. శుక్లాల ముప్పు అందుకే.

కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఉప్పుగాలికి తలుపు కీళ్లు తుప్పు పడతాయి, నెలకోసారి చూసుకోండి. తలుపు వంగితే వాడొద్దు. అంచుల్లో మాడిన క్రీము గీకొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఖాళీగా తిప్పొద్దు. పెంకుతో గుడ్డు పెట్టొద్దు. తలుపు తీసినా ప్లేటు తిరుగుతుంటే ముందు నిలబడొద్దు, గోడ దగ్గర ప్లగ్గు పీకండి. పీకాం కదా అని కవర్ మీరు విప్పొద్దు, కరెంటు నిలవ చేసే కెపాసిటర్‌లో 2000 వోల్టులు దాటి నిలవుండొచ్చు, ప్రాణం పోతుంది. "రేపు ఆర్డరుంది, ఇవాళ్టికి వైరు కలిపెయ్యన్నా" అనొద్దు. ఎవరు కలుపుతానన్నా ఒప్పుకోవద్దు. ఒక్క రోజుకైనా సరే, వద్దు. మూడు స్విచ్‌లకీ కలిపి కేజీ కేకు ఖరీదంత కూడా అవదు.

రిపేరయ్యాక తరంగాలు బయటికొస్తున్నాయేమో చూసే లీకేజీ మీటరు పెట్టించండి. 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు దాటకూడదు. డబ్బులిచ్చే ముందు పాత స్విచ్‌లు మీ చేతిలో పెట్టమనండి.