పది వేల మౌస్ మొండికేస్తే: సమస్య - పరిష్కారం

నల్లగొండలో నాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, ఫ్లెక్సీలు, రబ్బరు స్టాంపులు, కోర్టు కాగితాల టైపింగ్, ఏది వస్తే అది చేస్తాం. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా చెయ్యి మౌస్ మీదే ఉంటుంది. అందుకే నాలుగేళ్ల కింద ధైర్యం చేసి పది వేల దరిదాపుల్లో ఒక వైర్‌లెస్ మౌస్ కొన్నాను. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని 'ఆ పది వేల ఎలుక' అనే అంటుంది. సుఖం ఉంది, కాదనను. తిప్పలు కూడా పడ్డాను. అయితే వాటిలో చాలావరకు తప్పు మౌస్‌ది కాదు, దాన్ని పెట్టిన చోటుది. రెండు మూడు మాత్రం అచ్చంగా మౌస్‌వే.

కర్సర్ ఆగి ఆగి దుంకుతోంది

కొన్న వారానికే మొదలైంది. శుభలేఖలో వరుడి పేరు పట్టుకుని పక్కకు జరుపుతుంటే మధ్యలో ఆగిపోయేది, మరుక్షణం అంగుళం అవతల తేలేది. బ్యాటరీ నిండుగా ఉంది. ప్యాడ్ మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, కొన్న షాపుకు ఫోన్ చేసి నాలుగు మాటలు అన్నాను కూడా.

అసలు సంగతి ఒక సాయంత్రం దొరికింది. హార్డ్ డిస్క్‌లోంచి పెళ్లి ఫొటోలు కాపీ అవుతున్నంతసేపే కర్సర్ దుంకుతోంది. కాపీ అయిపోగానే బుద్ధిగా నడుస్తోంది. సీపీయూ టేబుల్ కింద గోడవైపు ఉంటుంది. దాని వెనక నీలం రంగు పోర్టులో డాంగిల్ (మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్క), ఆ పక్క పోర్టులోనే హార్డ్ డిస్క్. నీలం రంగు పోర్టు అంటే సాధారణంగా యూఎస్‌బీ 3.0. మౌస్, డాంగిల్ మాట్లాడుకునేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద. యూఎస్‌బీ 3.0లో డేటా పరుగెడుతుంటే సరిగ్గా ఆ చుట్టుపక్కలే రేడియో రొద పుడుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద ఒక పత్రం రాసి పెట్టింది. జాతర మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడితే ఎట్లుంటుందో, డాంగిల్ పరిస్థితి అదే. దానికి తోడు సీపీయూ రేకు డబ్బా అడ్డం.

మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగిల్‌ను మానిటర్ కాళ్ల దగ్గరికి, మౌస్‌కు ఎదురుగా తెచ్చి పెట్టాను. ఆ రోజు నుంచి దుంకలేదు. కేబుల్ లేకపోతే ముందు భాగంలో ఉన్న నల్ల పోర్టులో పెట్టి చూడండి. వైఫై రౌటర్ టేబుల్ మీదే ఉంటే దాన్ని కాస్త దూరం జరపండి, లేదా కంప్యూటర్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి.

మొన్న మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లు గుమస్తా ఒకాయన ఫోన్ చేశాడు.

"అన్నా, ట్యాలీల ఎంట్రీ కొడ్తుంటే మౌస్ దుంకుతున్నది. పైసలు దండుగైనయా?"

"డాంగిల్ ఏడ పెట్టినవ్?"

"సీపీయూ ఎనక."

"సీపీయూ ఏడుంది?"

"బీరువా సందుల."

ఇనుప బీరువా సందులో పెడితే అంత దూరం ఎట్లా వినబడుతుంది! ఆయనకూ ఎక్స్‌టెన్షన్ కేబులే మందు.

చాయ్ తాగి వచ్చేసరికి మౌస్ పలకదు

ముందు మౌస్‌ను తిరగేసి చూడండి. చాలా ఖరీదైన మౌస్‌లు మూడు కంప్యూటర్లకు కలుస్తాయి. అడుగున ఒక బటన్, 1, 2, 3 అని లైట్లు ఉంటాయి. చేతిలో అటూ ఇటూ తిప్పుతుంటే ఆ బటన్ నొక్కుకుపోతుంది. మీరు ఒకటో నంబరు ముందు కూర్చుని ఉంటారు, అది రెండో నంబరుతో మాట్లాడుతుంటుంది. నేను దీనికి రెండుసార్లు కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నంబరు సరిగ్గానే ఉంటే అది విండోస్ పొదుపు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, బ్లూటూత్‌తో వాడేవాళ్లు బ్లూటూత్ అడాప్టర్ మీద, డాంగిల్‌తో వాడేవాళ్లు యూఎస్‌బీ రూట్ హబ్ మీద ప్రాపర్టీస్ తెరవండి. పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అనే టిక్ ఉంటుంది. అది తీసేయండి.

కరెంటు పోయి వచ్చాక మౌస్ అస్సలు లేదు

బ్లూటూత్ మౌస్ మామూలుగా విండోస్ లేచాకే పనిచేస్తుంది. యూపీఎస్ చేతులెత్తేసి, కంప్యూటర్ నల్ల తెర మీద ఏదో ప్రశ్న అడుగుతూ నిలబడితే అక్కడ బ్లూటూత్ మౌస్‌కు దిక్కుండదు. డాంగిల్ ఉంటే చాలావరకు నడుస్తుంది. సొరుగులో పాత వైరు మౌస్ ఒకటి ఉంచుకోండి. నాది తోక దగ్గర టేపు చుట్టి ఉంది, అయినా ఇప్పటికి నాలుగైదుసార్లు అదే కాపాడింది.

డాంగిల్ పోయింది

లాజిటెక్ వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. 2009 నుంచి వచ్చిన యూనిఫైయింగ్ డాంగిల్ వేరు, 2021లో వచ్చిన బోల్ట్ వేరు. ఒకదాని మౌస్ ఇంకోదానితో కలవదు. పాత డాంగిల్ మీద నారింజ రంగు గుర్తు ఉంటుంది. మీ మౌస్ ఏ రకమో అడుగున చూసుకుని అదే రకం విడిగా కొనుక్కుంటే, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేసుకోవచ్చు. ఖరీదైన మౌస్‌కున్న లాభం ఇది. చవక మౌస్‌లలో చాలావాటికి డాంగిల్ పోతే మౌస్ కూడా పోయినట్టే.

ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది

ఇది మాత్రం మౌస్ జబ్బే, అన్నిటికన్నా చిరాకు పెట్టేది కూడా. సర్పంచ్ ఎన్నికల సీజన్‌లో, ఫ్లెక్సీల మీద ఫ్లెక్సీలు పడుతున్నప్పుడు నా మౌస్‌కు వచ్చింది. అభ్యర్థి ఫొటో పట్టుకుని పైకి లాగుతుంటే దారిలోనే జారవిడిచేది. ఫోల్డర్ మీద ఒక్కసారి నొక్కితే తెరుచుకునేది. ఒక ఫ్లెక్సీలో పెద్దాయన తల గుర్తు మీద పడి ఉన్నది నేను చూసుకోనేలేదు. ప్రింటుకు పోబోతుంటే మిషన్ దగ్గరి పిల్లవాడు ఆపాడు.

బటన్ కింద చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. అందులో సన్నని రాగి రేకు స్ప్రింగులా వంగి లేస్తుంది. లక్షల నొక్కుళ్లకు అది అలిసిపోతుంది, లేదా అది తగిలే చోట మసి పడుతుంది. అప్పుడు ఒక్క నొక్కుకే రేకు రెండుసార్లు తగిలి లేస్తుంది. మౌస్ ఖరీదు ఎంతైనా లోపలి స్విచ్ ఈ తరహాదే అయితే ఈ బాధ తప్పదు. నొక్కును కాంతితో పసిగట్టే ఆప్టికల్ స్విచ్‌లు ఉన్నవాటికి రేకు తగిలే పని లేదు కాబట్టి ఇది సాధారణంగా రాదు.

నిజంగా స్విచ్ తప్పేనా అని తేల్చుకోవడం తేలిక. విండోస్ సెట్టింగుల్లో కుడి ఎడమ బటన్లు తారుమారు చేయండి. జబ్బు అదే వేలి కింద ఉంటే స్విచ్చే. కొత్త వేలి కిందికి మారితే సాఫ్ట్‌వేర్‌లో వెతకండి. స్విచ్ అని తేలితే మౌస్ ఆపేసి ఆ బటన్‌ను ముప్పై నలభైసార్లు గట్టిగా నొక్కి చూడండి. మసి అయితే కొన్నాళ్లు సర్దుకుంటుంది. నాకు ఇరవై రోజులు సర్దుకుంది.

ఆ తర్వాత వారంటీ. బిల్లు తీసి చూస్తే తెల్ల కాగితం! అది థర్మల్ ప్రింటు. మా నల్లగొండ ఎండలకు గల్లాపెట్టెలోనే అక్షరాలు ఆవిరయ్యాయి. బిల్లు చేతికి రాగానే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. చివరికి సెల్‌ఫోన్ రిపేరు చేసే తమ్ముడొకడు స్విచ్ మార్చి ఇచ్చాడు. స్క్రూలు అడుగున ఉన్న జారుడు ప్యాడ్ల కింద దాగి ఉంటాయి, వాటిని పీకితే మళ్లీ సరిగ్గా అంటవు, కొత్తవి ముందే తెప్పించుకోవాలి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, సోల్డరింగ్ చెయ్యి తిరగనివాళ్లు విప్పవద్దు.

గాజు మీద కర్సర్ కదలడం లేదు

మా కౌంటర్ మీద గాజు పలక, దాని కింద మేం వేసిన శుభలేఖల నమూనాలు. మామూలు మౌస్ దాని మీద గుడ్డిదే, గాజులోంచి కాంతి అటే పోతుంది. లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ లాంటివి గాజు మీద కూడా నడుస్తాయి, కానీ గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలని కంపెనీయే చెప్పింది. మీది పలచనైతే పైసలన్నీ పోసినా ఒక ప్యాడ్ కావాల్సిందే. ప్యాడ్ మీద కూడా తడబడితే అడుగు రంధ్రంలో వెంట్రుక ఉందేమో చూసి దూదిపుల్లతో తీయండి.

చక్రం తిప్పితే ఫైలు చివరికి పోతోంది

జబ్బు కాదు, అదే దాని గొప్ప. గట్టిగా తిప్పితే చక్రం పట్టు వదిలేసి తిరుగుతుంది. ఎంఎక్స్ మాస్టర్ 3 చక్రం సెకనుకు 1,000 లైన్లు దాటిస్తుందంటారు. ఓటర్ల జాబితాల్లాంటి పొడుగు ఫైళ్లకు వరం. వద్దనుకుంటే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్‌షిఫ్ట్ అనే సెట్టింగు ఆపేయండి.

పైన రబ్బరు జిగట పడుతోంది

బెల్లం అంటినట్టు ఉంటుంది. మెత్తని రబ్బరు పూత చెమటకు, వేడికి ఏళ్ల మీద కరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తని గుడ్డకు కొద్దిగా అద్ది తుడిస్తే తగ్గుతుంది, గట్టిగా రుద్దితే పూతే ఊడి వస్తుంది. పూర్తి నయం లేదు. ఎండలో కారులో వదిలేయకండి.

మణికట్టు నొప్పి

మణికట్టు హాయిగా ఉంటుందనే కదా ఇంత పోసి కొంటాం! కానీ ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ 141 గ్రాములు, ఆకారం కుడిచేతికే, అదీ కాస్త పెద్ద చేతికి. నా అరచేయి నిండుగా ఆనుతుంది కాబట్టి నాకు పాత నొప్పి తగ్గింది. మా దగ్గర పనిచేసే అమ్మాయి చెయ్యి చిన్నది. పండుగ బోనస్ లెక్కన ఆమెకూ అలాంటిదే కొనిచ్చాను. నెల తిరక్కుండానే మణికట్టుకు బట్ట చుట్టుకుని వచ్చింది. కర్సర్ వేగం పెంచాం, మోచెయ్యి టేబుల్ మీద ఆనేట్టు కుర్చీ ఎత్తు మార్చాం. కాస్త నయమే గానీ, బొటనవేలి బటన్ అందుకోవడానికి ప్రతిసారీ చెయ్యి సాగదీయాల్సి వచ్చేది.

"సార్, ఏమనుకోకుంటే నా పాత మౌస్ నాకిచ్చెయ్యిరి" అంది ఒకరోజు. ఆరు వందల రూపాయల మౌస్, ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచేది. ఇప్పుడు కొత్తది కూడా నా టేబుల్ మీదికే చేరింది. శుభలేఖల కంపోజింగ్‌లో ఇప్పటికీ నాకంటే ఆమెదే ముందు అయిపోతుంది.