బెంగళూరులో ఆస్తుల వాల్యుయర్‌గా పనిచేయాలంటే ఏం చేయాలి?

ఇల్లు కొనడానికి లోన్ పెట్టుకున్న ప్రతి ఒక్కరూ విన్న మాటే: "లీగల్ అయిపోయింది సార్, టెక్నికల్ మిగిలింది." ఆ టెక్నికల్ కోసం టేపుతో వచ్చి, గదులు కొలిచి, నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని వెళ్లేవారి పనే వాల్యుయేషన్. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల దాకా ఇంటి లోన్ అయితే ఆస్తి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80 శాతం, అంతకు మించితే 75 శాతం వరకే ఇవ్వాలి. అంటే పెద్ద లోన్‌లో మీరు విలువను పది లక్షలు ఎక్కువ వేస్తే, లేని ఆస్తి మీద ఏడున్నర లక్షల అప్పు పుట్టినట్టే. నేను కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ సైట్ ఇంజనీరుగా ఆరేళ్లు చేశాక ఈ పనిలోకి మారాను. కొత్తగా రావాలనుకునేవాళ్ల కోసం, నాకు అప్పట్లో ఎవరూ చెప్పని సంగతులతో సహా రాస్తున్నాను.

ముందు మీ డిగ్రీ చూసుకోండి

కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన వాల్యుయర్ల నిబంధనల్లో మూడు విభాగాలున్నాయి: భూమి, భవనాలు ఒకటి, ప్లాంటు, మెషినరీ ఇంకొకటి, షేర్లలాంటి ఆర్థిక ఆస్తులు మూడోది. మనకు కావలసింది మొదటిది. సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్‌లలో డిగ్రీ ఉంటే ఆ తర్వాత ఐదేళ్ల అనుభవం, పీజీ ఉంటే మూడేళ్లు కావాలి. బీకామ్, ఎంబీఏ చేసినవాళ్లకు ఈ విభాగంలో దారి లేదు. ఆర్థిక ఆస్తుల విభాగం వైపు చూడండి. డిప్లొమా సివిల్ వాళ్లు వాల్యుయేషన్ ఆఫీసుల్లో ఫీల్డ్ ఇంజనీర్లుగా హాయిగా చేస్తున్నారు గానీ, సొంత సంతకం పెట్టాలంటే డిగ్రీ ఉండాల్సిందే. ఇవేమీ లేకుండా రెండు వారాల్లో లైసెన్సు ఇప్పిస్తామని ఎవరైనా అంటే రూపాయి కూడా ఇవ్వకండి.

కోర్సు, పరీక్ష, రిజిస్ట్రేషన్

గుర్తింపు పొందిన వాల్యుయర్ల సంస్థ ఒకదానిలో సభ్యులుగా చేరండి. వాళ్ల దగ్గరే 50 గంటల కోర్సు పూర్తి చేయాలి. తర్వాత పరీక్ష. కంప్యూటర్ మీద రెండు గంటలు, అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలే. వందకు 60 రావాలి, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు పోతుంది. ఇంజనీర్లు వాల్యుయేషన్ లెక్కల్లో తడబడరు. మార్కులు పోయేది చట్టాల్లో: ఆస్తి బదిలీ, రిజిస్ట్రేషన్, భూసేకరణ, రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే చట్టం). వాటికి ఎక్కువ సమయం పెట్టుకోండి. పాసయ్యాక మూడేళ్లలోపు మీ సంస్థ ద్వారా ఐబీబీఐకి, అంటే దివాలా వ్యవహారాల నియంత్రణ బోర్డుకు, రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు పెట్టాలి. ఈ లోపు ఉద్యోగం మానకండి.

సైట్ దగ్గరే అసలు చదువు

పరీక్షకు చదువుతూనే సీనియర్ వాల్యుయర్ ఒకరి దగ్గర చేరండి. జీతం తక్కువైనా చేరండి.

మనకు ముందుగా అలవాటు కావలసింది కొలతలు. మనవాళ్ల బుర్ర గజాల్లో, సెంట్లలో పనిచేస్తుంది. ఇక్కడ అంతా అడుగులు, గుంటలు. గుంటంటే 1089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. 40 గుంటలు ఎకరం. 30×40 సైట్ 1200 అడుగులు, గజాల్లో 133 పైచిలుకు. ఇవి నోటికి రావాలి.

రెండోది కన్నడం. దస్తావేజులు చాలావరకు కన్నడంలోనే ఉంటాయి. లిపి మనదానికి దగ్గర చుట్టమే కాబట్టి కొద్ది వారాల్లో కూడబలుక్కుని చదవగలుగుతారు. పూర్వక్కె (తూర్పుకు), పశ్చిమక్కె (పడమరకు) అంటూ హద్దులు రాసిన ఆ నాలుగు వరసలు చదవలేకపోతే ఈ ఊళ్లో ఈ పని చేయలేరు.

ఎందుకంటే మొదటి ఏడాది నేను హొసకోటె వైపు ఒక లేఅవుట్‌లో, ఓనరు తరఫు మనిషి చూపించిన ఖాళీ సైట్‌ను కొలిచి వచ్చేశాను. రాత్రి రిపోర్టు టైపు చేస్తుంటే తట్టింది: దస్తావేజులో తూర్పున రోడ్డు అని ఉంది, నేను నిలబడిన చోట తూర్పున ఇంకో సైట్ ఉంది. తెల్లారగానే మళ్లీ వెళ్లాను. అసలు సైట్ రెండు వరసల అవతల, కాలువను ఆనుకుని ఉంది. అప్పటి నుంచి హద్దులు చూడందే టేపు తీయను. సర్వే నంబరు ఎక్కడ పడుతుందో ప్రభుత్వ దిశాంక్ యాప్‌లో అక్కడికక్కడే చూసుకుంటాను.

కాలువ సంగతి చిన్నది కాదు. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు పక్క ఖరీదైన విల్లాల నుంచి మనుషుల్ని ట్రాక్టర్ల మీద తరలించారు. రాజకాలువకు, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాలువకు, ఎంత దూరమో మ్యాపులో చూడండి, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో పక్కింటివాళ్లను అడగండి.

తర్వాత ఖాతా, అంటే నగరపాలక రికార్డులో ఆస్తి నమోదు. అనుమతులు సక్రమంగా ఉన్నదానికి ఏ-ఖాతా, లోపాలున్నదానికి బీ-ఖాతా. ఏ-ఖాతా, బీ-ఖాతా తేడా విలువను బాగా మారుస్తుంది. అయితే ఖాతా పన్ను కట్టడానికి పెట్టే లెక్కే గానీ, యాజమాన్య హక్కుకు రుజువు కాదు. మూల దస్తావేజు నుంచి ఇప్పటిదాకా చేతులు మారిన లింకు దస్తావేజులు, వ్యవసాయ భూమైతే కన్వర్షన్ ఆర్డరు, రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్ నుంచి ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), వీటిని కలిపి చదవాలి.

అంకె కట్టడం

సొంత ఇల్లయితే భూమికి విడిగా, కట్టడానికి విడిగా లెక్క కడతాం. అభ్యాసం కోసం ఒకటి: 1200 అడుగుల సైట్, అడుగు 8,000 అనుకుంటే 96 లక్షలు. 2000 అడుగుల ఇల్లు, ఇప్పుడు కట్టాలంటే అడుగుకు 2,000 చొప్పున 40 లక్షలు. వయసు 15 ఏళ్లు, మొత్తం ఆయుష్షు 60, చివరికి పది శాతం మిగులుతుందనుకుంటే తరుగు 22.5 శాతం, అంటే 9 లక్షలు. ఇల్లు 31, మొత్తం కోటీ 27 లక్షలు. ఫ్లాట్లకు చుట్టుపక్కల అమ్మకాలతో పోలిక, అద్దెకిచ్చిన షాపులకు, ఆఫీసులకు వచ్చే రాబడి ఆధారం.

లెక్క సులువే. ఆ 8,000 ఎక్కడి నుంచి తెచ్చారన్నదే ప్రశ్న. గైడెన్స్ వాల్యూ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ కోసం పెట్టినది. 2023 అక్టోబరులో పెంచినా చాలా వీధుల్లో బజారు ధర వేరేగా ఉంటుంది. దస్తావేజులో రాసిన ధర చేతులు మారిన అసలు డబ్బు కాకపోవచ్చు. వెబ్‌సైట్లలో కనబడేది అమ్మేవాడి ఆశ. కాబట్టి ఇటీవల కొన్నవాళ్లను, ఇద్దరు ముగ్గురు బ్రోకర్లను విడివిడిగా అడగండి, బ్యాంకు వేలం ప్రకటనలు చూడండి. తూర్పు ముఖమా, మూల సైటా, రోడ్డు వెడల్పెంత అన్నవాటికి సర్దుబాటు చేసి, ప్రతి పోలికనూ రిపోర్టులో రాయండి.

పని ఎక్కడ దొరుకుతుంది

బ్యాంకు ప్యానెల్లో, అంటే బ్యాంకు పని ఇచ్చే వాల్యుయర్ల జాబితాలో, చేరడానికి సమయం పడుతుంది. ఒక్కో బ్యాంకు ఒక్కో రకం అనుభవం అడుగుతుంది. 50 కోట్లు, ఆపైన ఉన్న ఆస్తులకు బ్యాంకులు కనీసం రెండు స్వతంత్ర రిపోర్టులు తీసుకోవాలి కాబట్టి పెద్ద ఆఫీసుల్లో మీలాంటివాళ్ల అవసరం ఉంటుంది. దివాలా కేసుల వాల్యుయేషన్ 2019 ఫిబ్రవరి నుంచి ఐబీబీఐ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే చేయాలి. పాత ఇల్లు అమ్ముకునేవాళ్లకు, పన్ను కోసం 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కావాలి. ఆ పనికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర వేరే రిజిస్ట్రేషన్ ఉంది, అనుభవం పెరిగాక దానికీ దరఖాస్తు పెట్టండి.

ప్యానెల్లో చేరిన కొద్ది రోజులకే ఫోన్లు వస్తాయి. "మన ఊరివాడివే కదా బాబూ, ఒక పది లక్షలు ఎక్కువ వెయ్యి" అని పెద్దవాళ్లు అడుగుతారు. అప్పుడు వాదన పెట్టుకోకుండా, మీరు సేకరించిన పోలికలు వాళ్ల ముందు పెట్టండి. "ఇంతకంటే ఎక్కువకు ఈ వీధిలో అమ్ముడైన కాగితం ఉంటే ఇవ్వండి బాబాయ్, చూస్తాను" అనండి. ఫీజు ఎప్పుడూ రాతపూర్వకంగా ముందే మాట్లాడుకోండి. వచ్చే అంకెతో దానికి ముడి పెట్టకండి, బహుమతులు తీసుకోకండి. నిబంధనలు కూడా ఇవే చెబుతాయి. రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచమంటాయి. నేనైతే ఫోటోలు, చేతిరాత కొలతల కాగితాలతో సహా ఏ ఫైలూ పారేయలేదు.