తోపుల్లో వాన మడుగులు – 3వ పాఠం: ఈ నీరు ఎక్కడిది?

గత పాఠంలో పల్లాన్ని ఎంచుకుని, లోతైన చోట కొలకర్ర పాతాం. మడుగులో కనిపించే కప్పల పేర్లు తేల్చడానికి తొందరపడొద్దు. ముందు నీటి పుట్టుక తేలాలి. మడుగు ఎన్నాళ్లు నిలుస్తుంది, చేపలు చేరతాయా లేదా అన్నవి దాన్నిబట్టే ఉంటాయి.

ఉత్తర అమెరికా అడవుల్లో ఇలాంటి మడుగులు వసంతంలో మంచు కరిగి నిండుతాయి. మన డెల్టాలో మృగశిర దాటి వానలు పడ్డాక నిండుతాయి. కోనసీమ తీరాన పాత ఇసుక దిబ్బల మధ్య, సరుగుడు, జీడిమామిడి తోపుల్లో వెతకండి. నీరు మూడు రకాలుగా రావచ్చు: బంకమట్టి పట్టి ఉంచిన వాన, పైకి లేచిన భూగర్భజలం, కాలువ ఊట.

కాలువ ఊటను పట్టడం తేలిక. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక వాన లేకుండానే పల్లం నిండితే అదే. బోదె (చిన్న పంటకాలువ) కలిస్తే చేపపిల్లలూ వస్తాయి, తోకకప్పల్ని మిగల్చవు.

మిగతా రెండింటికీ గుంత తీయాలి. మడుగు అంచుకు 2 మీటర్ల అవతల, నీటిమట్టం కన్నా 50 సెం.మీ. లోతుకు తవ్వి రేకు కప్పండి. లేకపోతే కప్పలు పడతాయి, వాన నీరు చేరి లెక్క చెడుతుంది. మర్నాడు తాపీమేస్త్రీల లెవెల్ గొట్టంతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) మడుగు, గుంత రెండింటి మట్టాలూ పోల్చండి. గొట్టంలో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుంది. మట్టాలు సమానమైతే భూగర్భజలం. గుంతలో నీరు బాగా కిందుంటే, లేదా అసలు లేకపోతే, మడుగు బంకమట్టి మీద నిలిచిందన్నమాట. గంటలోనే చూసి తేల్చేయకండి, బంకమట్టిలో ఊట మెల్లగా దిగుతుంది. పని కాగానే గుంత పూడ్చండి. మడుగు అడుగున మాత్రం గునపం వేయొద్దు: పొర పగిలితే నీరంతా ఇసుకలోకి ఇంకిపోతుంది.

సరిచూసుకోవడానికి అడుగు మట్టిని పైపైన చిటికెడు తీసి, తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీయండి. 5 సెం.మీ. దాటినా తెగకపోతే మంచి బంకమట్టి.

బంకమట్టి మడుగు తొలి పెద్దవానకే నిండుతుంది, వానలు వెనకడుగు వేస్తే ఎండుతుంది. గోండ్రుకప్పలు ఆ తొలివానకే గుడ్లు పెడతాయి. తోకకప్పలు కాళ్లొచ్చి గట్టెక్కేలోగా నీరు ఎండితే ఆ ఏటి సంతానం పోయినట్టే. భూగర్భజలపు మడుగు ఆలస్యంగా నిండి, ఆలస్యంగా ఎండుతుంది. దోమల కోసమని ఏ మడుగులోనూ గంబూసియా చేపలు వదలొద్దు, అవి తోకకప్పల్నీ తింటాయి. దోమపిల్లల్ని తినే తూనీగ పిల్లలు అక్కడే ఉంటాయి.

వచ్చే పాఠం వరకు వారానికోసారి, అదే రోజు, ఉదయాన్నే కొలకర్ర చూసి మట్టం రాయండి. పక్కనే ఆ వారం వాన పడిందా, కాలువ పారిందా అన్నది కూడా.