బడిపిల్లల చేతికే కెమెరా: ఫొటోవాయిస్ చేసే తీరు

ఫొటోవాయిస్ అంటే మనుషులు తమ బతుకులోని విషయాలను తామే ఫొటోలు తీసి, వాటి గురించి కలిసి మాట్లాడే పరిశోధన పద్ధతి. కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 1990లలో చైనాలోని యునాన్ పల్లె మహిళలకు కెమెరాలిచ్చి దీన్ని రూపొందించారు. తొమ్మిదో తరగతి పిల్లలతో అయితే 8 మంది చాలు. 12 దాటితే బిడియస్తులు నోరు విప్పరు.

తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఇష్టం రెండూ కావాలి. ఫొటోలు బయట చూపడానికి అనుమతి మాత్రం పిల్లలు వాటిని చూసుకున్నాక విడిగా అడగండి. ఇంట్లోవాళ్ల ఫోన్ వాడనివ్వకండి. గ్యాలరీ అందరూ చూస్తారు.

మొదటి గంటలో ముఖాలు లేకుండా విషయం చెప్పడం నేర్పండి. గడియ ఊడిన మరుగుదొడ్డి తలుపు, మధ్యాహ్నం దాకా నిండుగానే ఉన్న నీళ్ల సీసా: ఒక అమ్మాయి బడిలో నీళ్లెందుకు తాగడం లేదో ఈ రెండూ చెప్తాయి.

"బడిని తీయండి" అంటే అందరూ గేటు, జెండా స్తంభమే తెస్తారు. "బడిలో నీకు ఇబ్బందిగా ఉండే చోటేది?" అనడగండి. వారం గడువివ్వండి.

తలా 3 ఫొటోలు వాళ్లే ఎంచుకోవాలి. వాటి మీద జరిగే చర్చలో టీచర్ ఉండకూడదు. మాటలు రికార్డ్ చేయండి, అసలు డేటా అవే. తీయలేకపోయిన ఫొటోల గురించీ అడగండి. అన్నీ రహస్యంగా ఉంచుతామని మాటివ్వకండి. వేధింపు బయటపడితే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాల్సి వస్తుందని మొదటిరోజే చెప్పండి.